అద్దాలు పెట్టుకుంటే తప్పేమిటి?

మీ అమ్మాయి పుస్తకం బాగానే చదువుతుంది. కానీ బడిలో బోర్డు మీది అక్షరాలు కనబడవు. పక్కపిల్ల రాసింది చూసి రాసుకుంటుంది. సాయంత్రానికి తలనొప్పి అంటుంది. "చదువు తప్పించుకోడానికే" అని మనం కసురుకుంటాం.

అది సాకు కాదమ్మా. దూరపు చూపు తగ్గింది. దీన్నే హ్రస్వదృష్టి అంటారు. ఎదిగే వయసులో ఒంటితోపాటు కనుగుడ్డు కూడా పెరుగుతుంది. అది మరీ పొడవైతే దూరపు వస్తువులు మసకగా కనబడతాయి. అబ్బాయిలకైనా అంతే. అందుకే ఏడాదికోసారి కళ్లు పరీక్ష చేయించాలి.

"అద్దాలు పెడితే పెళ్లి కాదు", "ఉన్న చూపు కూడా పోతుంది" అంటారు కొందరు. అద్దాల వల్ల చూపు తగ్గదు. బోర్డు కనబడక పిల్ల చదువు మానేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

కంట్లో ఆకుపసరు, చనుబాలు, ఆముదం పోయకండి. కన్ను పుండు పడొచ్చు. ఒకరి తువ్వాలు, కాటుక ఇంకొకరు వాడకూడదు. సెల్‌ఫోను గంటలకొద్దీ చూడనివ్వకండి. రోజూ కాసేపు ఆరుబయట ఆడుకోనివ్వండి. మునగాకు, తోటకూర, బొప్పాయి పెట్టండి.

తెలంగాణలో 2018లో "కంటి వెలుగు" కింద ఊరూరా కళ్లు చూశారు, అద్దాలు ఉచితంగా ఇచ్చారు. మీ ఊళ్లో ఆశ కార్యకర్తను అడిగితే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతుంది.

ముందు ఇవాళే మీ పిల్లను అడగండి: "బోర్డు కనబడుతోందా తల్లీ?"