పోలో ఒక పేరు, పోలీసు చర్య ఇంకో పేరు

1948లో మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలో, తిరువళ్లూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు రాష్ట్రమే. ఆ రాష్ట్రంలోని బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర దళం, షోలాపూరు వైపు నుంచి జనరల్ చౌదరి దళం సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానంలోకి కదిలాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

మనం దాన్ని 'పోలీసు చర్య' అంటాం. సైన్యం కాగితాల్లో మాత్రం అది ఆపరేషన్ పోలో. రహస్య పేరు ఎందుకంటే, తంతి పరుల చేత చిక్కినా ఎక్కడికో, ఎప్పుడో తెలియకూడదు. పేరుకూ పనికీ పొంతన ఉండరాదు. పోలో ఆటకు పేరుపడ్డ హైదరాబాదుకు ఈ పేరా! మాకైతే అంత గుట్టుగా అనిపించదు.

అసలు ముసుగు రెండో పేరే. హైదరాబాదు అప్పటికే భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. యుద్ధమంటే రెండు దేశాల తగవు, పోలీసు చర్య అంటే ఇంటి వ్యవహారం. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలు, ఆ తర్వాత ముస్లింల ఊచకోత. ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రభుత్వం బయటపెట్టలేదు.