చేతికి తెలియని బరువు

ధర్మవరం అనగానే మనకు పట్టుచీరలు, మగ్గాల చప్పుడు, రైల్వే జంక్షను గుర్తుకు వస్తాయి. అయితే చీరల మూటలు ఊరు దాటాలన్నా, పల్లెల్లో పండిన వేరుశనగ మార్కెట్టుకు చేరాలన్నా లారీలు, ట్రాక్టర్లు తిరగాలి. అవి చెడిపోతే బాగుచేసే షెడ్లు ఉండాలి. ఈసారి అలాంటి షెడ్డు ముందుగా వెళ్ళేటప్పుడు కాస్త దూరంగా నిలబడి గమనించండి. చక్రాల మీద నిలిచిన ఒక ఇనుప క్రేను కనిపించవచ్చు. ఒకే మనిషి దాని పిడిని పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే ఇంజను బండిలో నుంచి మెల్లగా పైకి లేస్తుంది. నలుగురు కలిసినా ఎత్తలేని బరువును ఒక్కడు ఎలా లేపగలిగాడు?

పాస్కల్ సూత్రం

మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట పీడనం కలిగిస్తే, ఆ పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ ఈ సంగతి వివరించాడు. దీని ఆధారంగా ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో జల పీడన యంత్రానికి పేటెంటు పొందాడు. మన షెడ్డు క్రేను ఆ యంత్రానికి వారసురాలే. ఇందులో నీటికి బదులు నూనె ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. పంపులోని చిన్న ముషలకం వ్యాసం 1 సెం.మీ., బరువును మోసే పెద్ద ముషలకం వ్యాసం 4 సెం.మీ. అనుకోండి. వ్యాసం 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లు అవుతుంది. కాబట్టి బలం కూడా 16 రెట్లు పెరుగుతుంది. పైగా పంపు పిడి ఒక లివరు. గడ్డపారతో బండను పెకలించినట్లే అది బలాన్ని మరో 15 రెట్లు పెంచుతుందనుకుందాం.

అయితే క్రేను చేయి కూడా లివరే. అది మాత్రం మనకు ఎదురుగా పనిచేస్తుంది. పెద్ద ముషలకం ఆ చేతిని కీలు నుంచి 40 సెం.మీ. దూరంలో నెడుతూ, హుక్కు 160 సెం.మీ. దూరంలో ఉంటే, 250 కిలోల ఇంజనును లేపడానికి ముషలకం 1000 కిలోల బరువుకు సమానమైన బలంతో నెట్టాలి. దాన్ని 16తోనూ 15తోనూ భాగించండి. ఘర్షణను వదిలేస్తే పిడి మీద పడేది సుమారు 4.2 కిలోలు మాత్రమే!

మరి ఈ లాభం ఉచితంగా వచ్చిందా? లేదు. పిడిని 30 సెం.మీ. నొక్కితే ఇంజను అర సెం.మీ. మాత్రమే లేస్తుంది. 50 సెం.మీ. లేపాలంటే 100 సార్లు నొక్కాలి. బలంలో ఆదా చేసినది దూరంలో చెల్లిస్తున్నామన్నమాట.

అసలు ప్రమాదం ఎక్కడ?

నీళ్ళ బిందెను చంకలో పెట్టుకుంటే సులభంగా మోస్తాం. అదే బిందెను చేయి బారచాచి పట్టుకుంటే మనమే ముందుకు తూలుతాం. క్రేనుకూ ఇదే కష్టం. అందుకే జరిపే చేయి ఉన్న క్రేన్లలో ఒక్కొక్క రంధ్రం దగ్గర ఒక్కొక్క పరిమితి రాసి ఉంటుంది. 2 టన్నుల క్రేను చేతిని పూర్తిగా చాచితే చాలా రకాలలో అర టన్నే ఎత్తాలి.

కాని పిడి నొక్కే చేతికి ఈ తేడా స్పష్టంగా తెలియదు. తెలిసేది నాలుగైదు కిలోలే కదా! పంపులో రక్షణ కవాటం ఉన్నా, దానికి నూనె పీడనం తెలుస్తుంది గాని క్రేను ఒరగబోతున్న సంగతి తెలియదు. యంత్రం బరువును చేతికి తెలియనివ్వదు కనుక దాన్ని బుర్రతో తెలుసుకోవాలి. ఎత్తే ముందు ఇంజను బరువెంతో, చేయి ఏ రంధ్రంలో ఉందో మెకానిక్ చూసుకోవాలి.

బరువు కొంచెం లేచాక ఆపి, గొలుసులూ బోల్టులూ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. బరువుతో సహా క్రేను మొత్తానికి గరిమనాభి కింది కాళ్ళ మధ్యనే ఉండాలి. బరువును పక్కకు లాగకూడదు. క్రేనును జరిపేటప్పుడు ఇంజనును వీలైనంత కిందికి దించి, చదునైన గచ్చు మీద మెల్లగా నెట్టాలి. చిన్న చక్రానికి ఒక గులకరాయి అడ్డుపడినా చాలు, ఊగే బరువు క్రేనును పడదోయగలదు. దించేటప్పుడు విడుదల మరను కొద్దికొద్దిగా తిప్పాలి. గబుక్కున దించి ఆపితే గొలుసు మీద అసలు బరువు కన్నా ఎక్కువ బలం పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: వేలాడే బరువు కింద తలగాని, చేయిగాని పెట్టరాదు. నూనెను ఆపి ఉంచేది ఒక చిన్న కవాటం, ఒక రబ్బరు సీలు. అందుకే ఎత్తిన ఇంజనును వెంటనే గట్టి స్టాండు మీదికి దించాలి. క్రేను ఎత్తడానికే గాని, ఎత్తిపట్టుకొని ఉండడానికి కాదు.

నూనెలో గాలి, ముషలకంపై దుమ్ము

సూదులు లేని కొత్త సిరంజీలు రెండు, 5 మి.లీ.ది ఒకటి, 20 మి.లీ.ది ఒకటి తీసుకొని సన్నని గొట్టంతో కలిపి నీటితో నింపండి. ఒకదాన్ని నొక్కగానే రెండోది కదులుతుంది. లోపల గాలిబుడగ వదిలి మళ్ళీ చేయండి. బుడగ నలిగిన తరువాతే కదలిక వస్తుంది. క్రేను నూనెలో గాలి చేరినా అంతే. పిడి మెత్తగా ఆడుతుంది, బరువు లేవదు. అప్పుడు బరువు లేకుండా, విడుదల మర తెరిచి, పిడిని పలుమార్లు ఆడిస్తే గాలి బయటికి పోతుంది.

నూనె మట్టాన్ని ముషలకం పూర్తిగా దిగినప్పుడే చూడాలి. హైడ్రాలిక్ నూనెకు బదులు బ్రేకు ఆయిలు పోస్తే సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. మన సీమ దుమ్ము ముషలకానికి అంటుకుంటే దాని నునుపును గీకి, సీలును కోస్తుంది. కనుక పని కాగానే గుడ్డతో తుడిచి, ముషలకాన్ని పూర్తిగా దించి ఉంచాలి. చక్రాలకు, కీళ్ళకు గ్రీజు పెట్టాలి. అతుకుల్లో పగులు కనిపిస్తే ఆ క్రేనును వాడకూడదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. పై లెక్కలో హుక్కును 160 సెం.మీ. నుంచి 80 సెం.మీ.కు దగ్గరగా జరిపితే, అదే ఇంజనును లేపడానికి పిడి మీద ఎంత బలం కావాలి? 50 సెం.మీ. లేపడానికి ఎన్నిసార్లు నొక్కాలి? లెక్క కట్టి మీ సైన్సు మాష్టారికి చూపించండి.