కాలినడకన పరదేశం

విదేశానికి వెళ్ళడమంటే మీకేం గుర్తొస్తుంది? విమానం, పెద్ద పెద్ద సూట్‌కేసులు, వీసా కోసం తిరగడాలు, ఎయిర్‌పోర్టులో ఏడుపులు. అంతేకదూ! నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆపేసి, ఇరవై రెండేళ్ళుగా వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుతున్న నాలాంటిదానికి విదేశమేమిటి, విడ్డూరం కాకపోతే! అలాంటిది 2023 కార్తీకమాసంలో చేతిలో ఒక సంచీ, కాళ్ళకి మామూలు చెప్పులు, పక్కన మా అత్తయ్యగారు... కూరల బజారుకి వెళ్ళినంత తేలిగ్గా నడుచుకుంటూ ఇంకో దేశంలోకి వెళ్ళిపోయాను.

ఆ దేశం నేపాల్. ముక్తినాథ్ చూడాలని మా అత్తయ్యగారికి ఎన్నాళ్ళనుంచో కోరిక. నూట ఎనిమిది దివ్యదేశాల్లో అదొకటి కదా. మా వారికి సెలవు దొరకలేదు. "నువ్వు తీసుకెళ్ళు, టూరు వాళ్ళు ఉంటారుగా" అన్నారు. ఆయన లేకుండా అంత దూరం వెళ్ళడం నాకదే మొదలు. రైలెక్కించేటప్పుడు ఒక్కటే మాట చెప్పారు, "అమ్మ జాగ్రత్త" అని. ఆ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మేమిద్దరం పాస్‌పోర్టు లేనివాళ్ళమే. మన దేశం వాళ్ళకి నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. 1950లో రెండు దేశాల మధ్య స్నేహ ఒప్పందం జరిగింది. అప్పట్నుంచీ ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు వెళ్ళొచ్చు, ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అలాగని చేతులూపుకుంటూ వెళ్ళకండి. నేను ఓటరు కార్డు పట్టుకెళ్ళాను. మామూలుగా పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ ఒక్కటే చాలదు. అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళకీ, పదిహేనేళ్ళలోపు పిల్లలకీ మాత్రం ఆధార్‌తో జరుగుతుంది. అత్తయ్యగారికి డెబ్భై రెండు, అంచేత ఆవిడ ఆధార్ సరిపోయింది.

గోరఖ్‌పూర్‌లో రైలు దిగి, అక్కడి నుంచి బస్సులో సునౌలీ అనే ఊరు చేరాం. దూరం వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఊరు రావడానికి చాలా ముందునుంచే రోడ్డు పక్కన లారీలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. మన బండి నేపాల్లోకి వెళ్ళాలంటే కస్టమ్స్ వాళ్ళ దగ్గర, అక్కడి మాటలో భన్సార్, కాగితం రాయించి రోజుకింత అని కట్టాలి. "బస్సు కాగితాలకి గంట పడుతుందమ్మా, మీరు నడిచి దాటేయండి, పదకొండున్నరకి అటువైపు బస్టాండు దగ్గర కలుద్దాం" అన్నాడు టూరు అబ్బాయి. తన నేపాల్ ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి అందరికీ ఇచ్చాడు. నేను దాన్ని పర్సులో పడేశాను.

సరిహద్దంటే నేనేదో కోటగోడలాంటిది ఊహించుకున్నాను. ముళ్ళకంచె, తుపాకులు, టీవీలో వాఘా దగ్గర చూపిస్తారే, జవాన్లు కాళ్ళు నెత్తిదాకా ఎత్తి విసరడం... అలాంటిదేమీ లేదు! ఒకటే రోడ్డు, మనవైపు ఒక పెద్ద గేటు, కాస్త ముందుకు వెళ్తే నేపాల్ వాళ్ళ గేటు. మన వైపు సశస్త్ర సీమా బల్ జవాన్లు ఉంటారు, 2001 నుంచీ ఆ సరిహద్దు వాళ్ళదే. ఒక లేడీ జవాను నా సంచీ తెరిచి చూసి, జంతికల డబ్బా వాసన పట్టి, నవ్వి వెళ్ళమంది. మా పక్కనే నడుస్తున్న తెల్లదొరసాని ఒకామెను మాత్రం వెనక్కి పంపించారు. ఆవిడ మన వైపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ముద్ర వేయించుకోకుండా వచ్చేసిందట. పాపం, వీపు మీద అంత బరువు మోసుకుంటూ మళ్ళీ వెనక్కి. పాస్‌పోర్టు ఉన్నావిడ ఆగిపోయింది, లేని మేం వెళ్ళిపోయాం!

రెండు దేశాల మధ్యా ఎవరికీ చెందని నేల సన్నగా ఉంటుంది. దాన్ని దశగజ అంటారు. గీతకి ఇటు పది గజాలు, అటు పది గజాలు. ఈ గీత ఇప్పటిది కాదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళకీ నేపాల్ రాజుకీ యుద్ధం జరిగాక 1816లో ఖాయమైన సుగౌలీ సంధితో ఏర్పడింది. మొత్తం 1751 కిలోమీటర్లు. గీత ఎక్కడుందో కనుక్కుని దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడాలని నా సరదా. వెనకనుంచి ఉల్లిపాయల మూటతో సైకిలు వాడు బెల్లు కొట్టడంతో సరదా తీరకుండానే ముందుకి జరగాల్సి వచ్చింది.

ఆ రోడ్డు మీద యాత్రికుల కంటే అక్కడి ఆడవాళ్ళే ఎక్కువ. మనవైపు బజారుకొచ్చి పంచదార, ఉల్లిపాయలు, పిల్లలకి బట్టలు కొనుక్కుని వెళ్తూంటారు. అటు ధరలు ఎక్కువట. ఆ ఏడాదే నేపాల్ కస్టమ్స్ వాళ్ళు వాళ్ళ డబ్బులో వంద రూపాయలు దాటిన సరుకుకల్లా సుంకం కట్టాలని గట్టిగా పట్టుకున్నారు. మా కళ్ళముందే ఒకావిడ గేటు దగ్గర సంచీ విప్పి, ఇదీ ఓ స్మగ్లింగేనా అన్నట్టు చేతులు తిప్పుతూ దెబ్బలాడుతోంది. భాష రాకపోయినా నాకు ప్రతి మాటా అర్థమైంది! నెలాఖరు సరుకుల బాధ ఏ దేశంలోనైనా ఒకటేగా.

గేటు దాటగానే అత్తయ్యగారు వాచీ పావుగంట ముందుకి తిప్పుకున్నారు. నేపాల్ టైము మనకంటే పదిహేను నిమిషాలు ముందు. ఆవిడకి ఎవరో రైల్లో చెప్పారట. నేను నవ్వి, నా వాచీ అలాగే ఉంచేశాను. చేసిన మొదటి తప్పు అది.

రెండో తప్పు డబ్బు సంగతి. మన వంద రూపాయలకి అక్కడ నూట అరవై. ఈ లెక్క 1993 నుంచీ మారలేదు. దుకాణాల్లో మన నోట్లు కూడా తీసుకుంటారు. ఏదైనా ధర చెప్పినప్పుడు "ఐసీయా, ఎన్‌సీయా?" అని తప్పకుండా అడగండి. ఐసీ అంటే మన డబ్బు, ఎన్‌సీ అంటే వాళ్ళది. అయితే 2018 చివర్లో నేపాల్ ప్రభుత్వం మన వందకి మించిన నోట్లు చెల్లవని చెప్పింది. మేం వెళ్ళేనాటికీ అదే నిబంధన. ఇలాంటివి మారుతూంటాయి కాబట్టి మీరు బయల్దేరేముందు కనుక్కోండి. నేను ఇంటి దగ్గరే వంద నోట్లు కట్టలుగా తెచ్చుకున్నాను కానీ, కొంత నేపాల్ డబ్బు కూడా ఉంటే మంచిదని మారకం కొట్టు ముందు నిలబడ్డాను. నా వాచీలో పదకొండూ పది. ఇంకా ఇరవై నిమిషాలుందిలే అనుకున్నాను. అక్కడి లెక్కలో అయిదే నిమిషాలు. "అత్తయ్యగారూ, ఈ అరుగు మీద కూర్చోండి, కదలకండి" అని చెప్పాను. డబ్బు లెక్కపెట్టుకుని వెనక్కి తిరిగేసరికి అరుగు ఖాళీ.

ఆ క్షణం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తిరునాళ్ళలో పిల్లాడి చెయ్యి జారినప్పుడు ఎలా ఉంటుందో అంతే. ఆవిడకి తెలుగు తప్ప ముక్క రాదు. ఆవిడ జాకెట్టులో ఒక చీటీ పెట్టాను, దాని మీద నా ఫోను నంబరు రాశాను. గొప్ప తెలివే! గేటు దాటిన క్షణం నుంచీ నా ఫోనులో సిగ్నల్ లేదు. మన సిమ్ము రోమింగ్ వేయించుకుంటే తప్ప అక్కడ పనిచెయ్యదు. పనిచేసే నంబరేమో నా పర్సులో ఉంది. బస్టాండు దాకా పరుగెత్తాను, మావాళ్ళు "ఇటు రాలేదమ్మా" అన్నారు. మళ్ళీ వెనక్కి పరుగెత్తాను. లారీలు, ఈ-రిక్షాలు, మూటలు. ఆవిడ ఆ ఒక్క గేటు దాటి వెనక్కి వెళ్ళినా అడిగేవాళ్ళుండరు. ఇందాకటిదాకా ముచ్చటపడిన తెరిచిన గేటే అప్పుడు భయం పుట్టించింది.

దాదాపు ముప్పావుగంట. చివరికి గేటు పక్కన, రోడ్డువారగా ఉన్న చిన్న గదిలాంటి చోట బెంచీ మీద కూర్చుని కనిపించారు. చేతిలో టీ గ్లాసు! మరుగుదొడ్డి కోసం లేచారట. నాతో చెప్పడానికి అంత మగవాళ్ళ మధ్య మొహమాటపడి, ఇద్దరు ఆడవాళ్ళ వెనకాలే వెళ్ళారట. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి, మన దేశం వైపు నడుస్తూంటే అక్కడ కాపలా కూర్చున్న ఇద్దరమ్మాయిలు ఆపారు. వాళ్ళేం అడిగినా ఈవిడ "ముక్తినాథ్, ముక్తినాథ్" అన్నారట. యాత్ర మనిషని గ్రహించి కూర్చోబెట్టారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడేమో "ఏవిటే అమ్మాయ్, ఊరికే కంగారు. ఈ పిల్ల సంగతి చూడు" అన్నారు.

అదే బెంచీ మీద పదహారు, పదిహేడేళ్ళ పిల్ల ఒకర్తి తల వంచుకుని కూర్చుంది. కొత్త చుడీదారు, కొత్త చెప్పులు, చిన్న బ్యాగు. అత్తయ్యగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. కాపలా అమ్మాయిలతో నా వచ్చీరాని హిందీలో మాట్లాడితే తెలిసింది. ఎవరో మనిషి ఉద్యోగమిప్పిస్తానని ఆ పిల్లని కొండ ఊళ్ళోంచి బయల్దేరదీశాడు. గేటు దగ్గర పదడుగులు ముందు తను నడిచి, వెనక ఆ పిల్లని రమ్మన్నాడు, సంబంధం లేనట్టు. ఏ ఊరు, ఎక్కడికి, ఇంట్లో తెలుసా అని వీళ్ళు అడిగేసరికి పిల్ల చెప్పలేకపోయింది. వాడు ఆ గుంపులో కలిసిపోయాడు.

ఇంటికొచ్చాక మా అబ్బాయి చేత ఈ విషయం మీద వెతికించి చదివించుకున్నాను. నేపాల్ నుంచి ఆడపిల్లల్ని ఇలా మాయమాటలు చెప్పి మన దేశానికి తెచ్చి అమ్మేయడం ఏనాటి నుంచో ఉన్న ఘోరం. వీసా, పాస్‌పోర్టు లేని దారి కదా, కాగితంలో ఎక్కడా ఆ పిల్ల జాడ మిగలదు. దీనికి ఎదురు నిలిచిన వాళ్ళలో అనురాధా కొయిరాలా పేరు ముందు చెప్పుకోవాలి. ఆవిడ బళ్ళో పాఠాలు చెప్పుకునే టీచరు. 1993లో మైతీ నేపాల్ అనే సంస్థ పెట్టారు. సరిహద్దు గేట్ల దగ్గర ఆడవాళ్ళని కూర్చోబెట్టి, వచ్చీపోయే పిల్లల్ని గమనించడం వాళ్ళ పనుల్లో ఒకటి. ఒకప్పుడు తామే అలా అమ్ముడుపోయి బయటపడ్డ వాళ్ళు కూడా ఆ కాపలాలో ఉంటారు. అలాంటి మనిషిని ఆ కళ్ళు ఇట్టే పట్టేస్తాయి మరి. మన ప్రభుత్వం ఆవిడకి 2017లో పద్మశ్రీ ఇచ్చింది.

మైతీ అంటే ఏమిటో తెలుసా? నేపాలీలో పుట్టిల్లు అని అర్థం. పెళ్ళయిన ఆడదానికి పుట్టిల్లు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

గేటు దాటాక మేం మొదట చూసింది లుంబినీ, బుద్ధుడు పుట్టిన చోటు, సరిహద్దుకి పాతిక కిలోమీటర్లు. మాయాదేవి కూడా పురిటికి పుట్టింటికి బయల్దేరి, దారిలో అక్కడ ప్రసవించిందని గైడు చెబుతూంటే అత్తయ్యగారు నా వైపు చూశారు. ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారల కింద, ఆ చలిలో, తల తడుపుకోవడం గురించి ఇంకోసారి రాస్తాను. తిండి సంగతి ఒక్క ముక్క: అన్నం, పప్పు, ఆకుకూర ఎక్కడైనా దొరుకుతాయి. పప్పన్నం దేశమే అది. ఆవనూనె వాసన పడనివాళ్ళు కందిపొడి, చింతకాయ పచ్చడి తప్పకుండా పట్టుకెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే గేటు. ఈసారి ఈ-రిక్షాలో మా పక్కన ఒకావిడ కూర్చుంది, నా ఈడుదే. పుట్టింది మనవైపు నౌతన్వాలో, మెట్టింది అటువైపు భైరహవాలో. సరిహద్దు ఊళ్ళలో ఇది మామూలేనట, రోటీ-బేటీ సంబంధం అంటారు. పొద్దున పుట్టింటికి వెళ్ళి, సాయంత్రం దీపాలవేళకి అత్తింటికి వచ్చేస్తుంది, మధ్యలో దేశం మారినట్టే తోచదట. "2020లో తెలిసింది దీదీ, ఇది వేరే దేశమని" అంది. కరోనాకి మార్చిలో గేటు మూసేశారు. ఆ ఏడాది రాఖీ కట్టడానికి వెళ్ళలేకపోయింది. అన్నగారిల్లు పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు.

గేటు ఇవతలే దిగి, అత్తయ్యగారు తిన్నగా ఆ గది దగ్గరికి నడిచారు. ఆ పూట కూర్చున్నది వేరే అమ్మాయిలు. మా పిల్ల సంగతి అడిగితే వాళ్ళకి తెలియలేదు. రోజూ ఎందరో కదా. వాళ్ళ కళ్ళు మాతో మాట్లాడుతూనే రోడ్డు మీదే ఉన్నాయి. అత్తయ్యగారు సంచీలో మిగిలిన జంతికల డబ్బా తీసి బెంచీ మీద పెట్టారు. స్టీలు డబ్బా, మా పెళ్ళినాటిది, పేరు చెక్కించింది. నేనేమీ అనలేదు.

అప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచారు. మన గేటు దాటాక ఆగి, వాచీ పావుగంట వెనక్కి తిప్పుకున్నారు.