నిప్పు కేంద్రానిది, నీరు రాష్ట్రానిది. మరి పడవ ఎవరిది?

ఢిల్లీలో బోట్ క్లబ్ అనగానే పాత తరం పాఠకులకు పడవలు జ్ఞాపకం రావు. జెండాలు, ఊరేగింపులు, లౌడ్‌స్పీకర్లు జ్ఞాపకం వస్తవి. 1988 అక్టోబరులో మహేంద్రసింగ్ తికాయత్ తన రైతులను వెంటబెట్టుకొని వచ్చి విడిది చేసినది అక్కడనే. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ నుంచి నడిచి పోదగిన దూరంలో ఉన్న ఆ పచ్చిక పక్కన నిజంగానే కాలువలున్నవి. వాటిలో పడవలు తిరిగిన రోజులూ ఉన్నవి. అయినను, పాతికేళ్లకు పైగా ఈ నగరం నుంచి వార్తలు పంపుతున్న ఈ విలేఖరికి పడవ మీద బాణసంచా కాల్చడమనే విషయం గురించి ఆలోచించే సందర్భం 2025 జనవరి 27వ తేదీ వరకు రాలేదు.

ఆ రోజు సోమవారం. ముందురోజు కర్తవ్య పథ్ మీద గణతంత్ర దినోత్సవ కవాతు ముగిసినది. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడినవారిలో సగం మంది కవాతు చూడడానికి వచ్చి ఇంకా రైలెక్కనివారే. పప్పు, పులుసు వడ్డన జరుగుతుండగా ఒక్కొక్క బల్ల దగ్గరా ఒకటే మాట: "హుస్సేన్‌సాగర్‌లో పడవలు తగలబడినవట గదా!"

జరిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. జనవరి 26వ తేదీ రాత్రి నెక్లెస్ రోడ్డున పీపుల్స్ ప్లాజా వద్ద భరతమాత మహా హారతి కార్యక్రమం జరిగినది. గవర్నరు, కేంద్రమంత్రి హాజరైన సభ అది. ముగింపున సరస్సు నడుమ పడవ మీద నుంచి బాణసంచా కాల్చారు. ఎగసిన తారాజువ్వ ఒకటి తిరిగి పడవలోని సరకు మీదనే పడినదని నాటి వార్తలు చెప్పినవి. రెండు పడవలు కాలిపోయినవి. కాల్చుతున్నవారు కొందరు నీళ్లలోకి దూకారు. తీవ్రంగా కాలిన ఒకరు తరువాత ఆసుపత్రిలో మరణించారు. కనబడకుండా పోయిన ఒక యువకుని శవం రెండు రోజుల తరువాత సరస్సులో దొరికినది. ఒకరిని నిప్పు తీసుకున్నది, ఒకరిని నీరు తీసుకున్నది. పోలీసులు కేసు నమోదు చేశారు.

హుస్సేన్‌సాగర్ మీద పడవ ప్రమాదం కొత్త కాదు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతున్న బల్లకట్టు ఒరిగి, విగ్రహంతో పాటు పలువురు కార్మికులు అడుగుకు పోయిన దుర్ఘటనను మా తరంవారెవరూ మరువలేరు. విగ్రహం 1992 డిసెంబరులో పైకి వచ్చినది.

క్యాంటీన్‌లో నాకు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి విస్ఫోటక పదార్థాల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నా ఆవేశమంతా ఓపికగా విని, "అయ్యా, మీరు పార్లమెంటు వార్తలు వ్రాస్తారు గదా. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ఒకసారి తీసి చూడండి. ఆ పడవ ఏ జాబితాలో ఉన్నదో చెప్పండి" అన్నారు. నవ్వుతూ అన్నారు గాని, ఇంటికి వచ్చి చూస్తే అది నవ్వుటాలకు అన్న మాట కాదని తెలిసినది.

మందుగుండు కేంద్ర జాబితాలో అయిదవ అంశం. ఆయుధాలు, తూటాలు, విస్ఫోటక పదార్థాలు అన్నీ అక్కడ ఉన్నవి. ఇంజనుతో నడిచే పడవల రాకపోకలు ఉమ్మడి జాబితాలో ముప్పది రెండవ అంశం. మిగిలిన లోతట్టు జలమార్గాలు, వాటి మీద రాకపోకలు రాష్ట్ర జాబితాలో పదమూడవ అంశం. పోలీసు, శాంతిభద్రతలు కూడా రాష్ట్రానివే. ఇప్పుడు ఇంజను లేని ఒక బల్లకట్టు మీద బాణసంచా పేర్చి, దానిని ఇంజను పడవకు కట్టి చెరువు నడుమకు లాగుకొని పోయారనుకొందాము. మూడు జాబితాలూ ఒకే తాడుకు కట్టుబడి నీటి మీద పోతున్నవన్నమాట! రాజ్యాంగ నిర్మాతలను తప్పుపట్టడానికి లేదు. వారు నిప్పుకు ఒక గది, నీటికి ఒక గది కేటాయించారు. రెండింటినీ ఒకచోట చేర్చే ముచ్చట మనది.

చట్టాలు లేక కాదు. విస్ఫోటక పదార్థాల చట్టం 1884 నాటిది. దాని క్రింద 2008లో కొత్త నిబంధనలు వచ్చినవి. బహిరంగ బాణసంచా ప్రదర్శనకు జిల్లా అధికారి అనుమతి కావలెను. 2016 ఏప్రిల్ 10వ తేదీ తెల్లవారుజామున కేరళలోని పరవూరు పుట్టింగల్ దేవాలయంలో బాణసంచా నిల్వ పేలి నూరు మందికి పైగా మరణించిన తరువాత ఈ అనుమతుల విషయంలో కొంత చురుకుదనం వచ్చినమాట నిజం. కాని ఆ జాగ్రత్త అంతా నేల మీది జాగ్రత్త. ప్రేక్షకులు ఎంత దూరాన నిలబడవలె, గోదాము ఎంత దూరాన ఉండవలె అన్నదే ధ్యాస. కాల్చే మనిషి కాళ్ల క్రింద నేల బదులు నీళ్లుంటే ఏమి చేయవలెనన్నది ఆ ఆలోచనలో లేదు.

ఇక పడవల చట్టం. 1917 నాటి లోతట్టు నౌకల చట్టం నూరేళ్లకు పైగా రాజ్యం చేసినది. దాని స్థానంలో కొత్త బిల్లును 2021 వర్షాకాల సమావేశాలలో తెచ్చారు. ఆ సమావేశాలు ఎట్లా జరిగినవో పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది: పెగాసస్ గొడవతో ఉభయ సభలూ ఒక్కరోజయినా సవ్యంగా సాగలేదు. జూలై 29న లోక్‌సభ, ఆగస్టు 2న రాజ్యసభ ఆ కేకల నడుమనే బిల్లును ఆమోదించినవి. మంత్రి సర్బానంద సోనోవాల్ ఏమి చెప్పారో ముందు బెంచీలవారికైనా వినబడినదో లేదో సందేహమే. కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల పడవ మునిగి నలభై మందికి పైగా మరణించి రెండేళ్లయినా నిండలేదు. కృష్ణలో ఫెర్రీ దగ్గర 2017 నవంబరు 12న కార్తీక ఆదివారంనాడు ఇరవై మందికి పైగా పోయినారు. రెండు తెలుగు నదుల శోకం వెనుక ఉన్న బిల్లు మీద మనవారు నాలుగు మాటలు మాట్లాడవలసినది. సభలో మాటకు చోటెక్కడిది? చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చినది. ఇంజను లేని పడవల బాధ్యతను అది స్థానిక యంత్రాంగాల దగ్గరకు పంపినది.

విదేశాలు ఈ పాఠాన్ని ఉచితంగా నేర్చుకోలేదు. 2012 అక్టోబరు 1న చైనా జాతీయ దినోత్సవ బాణసంచా చూడడానికి హాంగ్‌కాంగ్‌లో ఒక విద్యుత్ సంస్థ ఉద్యోగులు కుటుంబాలతో సహా నౌక ఎక్కారు. వేడుక స్థలం చేరకముందే మరొక ఫెర్రీ వచ్చి ఢీకొన్నది. నిమిషాలలో నౌక వెనుక భాగం మునిగినది. 39 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. నీరు చొరబడకుండా ఆపవలసిన ఒక తలుపు అసలు బిగించనే లేదనీ, పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు నౌకలో లేవనీ విచారణలో తేలినది. అదే సంవత్సరం జూలై 4న అమెరికాలో లాంగ్ ఐలాండ్ దగ్గర స్వాతంత్ర్య దినోత్సవ బాణసంచా చూసి తిరిగి వస్తున్న 34 అడుగుల పడవ బోల్తాపడినది. అందులో ఉన్నవారు 27 మంది. క్రింది గదిలో చిక్కుకొని ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఈ రెండు ప్రమాదాలలోనూ మందుగుండు ఎవరినీ తాకలేదని గమనించవలెను. ఒకటి వేడుకకు పోతూ, మరొకటి వేడుక నుంచి వస్తూ జరిగినవి. ఆకాశం వైపే చూసిన కన్నుకు చీకటి నీరు కొంతసేపు కనబడదు. చివరి తార ఆరగానే అందరూ ఒక్కసారే ఇంజన్లు తిప్పుతారు. చూసేటప్పుడు జనమంతా ఒక వైపుకే ఒరుగుతారు. నిప్పు లేకపోయినా పడవ మునగడానికి ఇవి చాలును.

అందువల్లనే అమెరికాలో ఇటువంటి వేడుకలకు ముందుగా తీరరక్షక దళం 'ఈ నీటిలోకి ఈ వేళ నుంచి ఈ వేళ వరకు ఏ పడవా రారాదు' అని నిషిద్ధ మండలం ప్రకటిస్తుంది. ఎంత దూరమన్నదానికి అక్కడి అగ్ని భద్రతా ప్రమాణంలో చంటిపిల్లవానికి అర్థమయ్యే లెక్క ఉన్నది. ఔటు గుండు వ్యాసంలో ప్రతి అంగుళానికీ 70 అడుగులు. మూడంగుళాల గుండు కాల్చితే జనం 210 అడుగుల అవతల ఉండవలె. ఆరంగుళాలయితే 420 అడుగులు. లండన్‌లో నూతన సంవత్సరం రాత్రి థేమ్స్ నదిలో ఆ భాగాన్ని మూసివేస్తారు. సిడ్నీ రేవులోనూ అదే పద్ధతి.

మనకు చేతకాదనుకోవడం పొరపాటు. భద్రాచలంలో ముక్కోటికి ముందురోజు సాయంత్రం గోదావరిలో సీతారాములకు తెప్పోత్సవం జరుగుతుంది. విజయవాడలో విజయదశమినాడు దుర్గమ్మకు హంసవాహన సేవ. హంసవాహనాన్ని ఉత్సవానికి ముందే నీటి మీద నడిపి చూస్తారు. ఎవరు ఎక్కవలెనో, ఎంతమంది ఎక్కవలెనో అధికారులు లెక్క కడతారు. లెక్కకు మించి ఎక్కాలని చూసే ప్రముఖుల గురించి ఇక్కడ వ్రాయను. వారు ప్రతి సంవత్సరమూ ఉంటారు. ప్రకాశం బ్యారేజికి వరద వచ్చిన సంవత్సరాలలో అమ్మవారిని నదిలో విహరింపచేయకుండా, ఒడ్డునే కట్టి ఉంచిన వాహనం మీద పూజ జరిపించారు. దైవకార్యాన్నే నీటి ఉద్ధృతిని చూసి కుదించుకోగలిగినవారికి, ఒక సభ చివరి అయిదు నిమిషాల తళుకును కుదించడం కష్టమా?

కాశీలో మరొక మార్గం కనబడుతుంది. కార్తీక పౌర్ణమినాటి దేవ దీపావళికి ఘాట్ల ముందు గంగలో పడవలు కిక్కిరిసి ఉంటవి. వాటిలో తెలుగు యాత్రికులు తక్కువేమీ కాదు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ బాణసంచా ప్రదర్శనను ఆవలి ఒడ్డు ఇసుక మీద నుంచి ఏర్పాటు చేస్తున్నారు. నిప్పు నేల మీద, జనం నీటి మీద, నడుమ ఖాళీ. పడవలు కిక్కిరియడం మంచిదని ఎవరూ అనరు గాని, మందుగుండు పెట్టె పక్కన మనిషి కూర్చునే అవసరం మాత్రం తప్పినది. విజయవాడ పున్నమి ఘాట్‌లో 2024 అక్టోబరు 22న 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు కట్టినప్పుడు గట్టున నిలబడిన జనం నోరు తెరుచుకొని చూసినది గూడా వెలుగునే గదా.

తప్పనిసరిగా నీటి మీద నుంచే కాల్చవలె నంటారా? మా క్యాంటీన్ పెద్దమనిషి లెక్క చాలా చిన్నది. బల్లకట్టు మీద సరకే ఉండవలె, మనుషులు ఉండరాదు. తీగ ద్వారా దూరం నుంచి ముట్టించవలె. గొట్టాలను ఒరిగిపోకుండా ఇసుకలో పాతవలె. కాల్చవలసిన సరకు తప్ప అదనపు పెట్టె ఒక్కటి కూడా అక్కడ ఉండరాదు. గాలి ఎటు వీస్తున్నదో చూసి, ప్రేక్షకుల పడవలను గాలి వచ్చే వైపున నిలపవలె. పని చేసేవారికి ముందుగా, చూసేవారికి తరువాత లైఫ్ జాకెట్లు కట్టవలె. మంటలార్పే పడవ ఒకటి సిద్ధంగా ఉండవలె. వేడుక అయిన తరువాత పడవలను ఒకదాని వెనుక ఒకటిగా పంపవలె. "ఇందులో ఖర్చుతో కూడినది ఏదీ లేదండీ. ఒక్కడు బాధ్యుడు కావలె, అంతే" అన్నారాయన. ఆ ఒక్కడు దొరకడమే మన దేశంలో ఖర్చుతో కూడిన పని అని నేననలేదు. ఆయన చేయి కడుగుకోవడానికి లేచారు.

జనవరి 31న బడ్జెటు సమావేశాలు ప్రారంభమైనవి. సెంట్రల్ హాలు వాడుకను పాత భవనంలోనే వదలివచ్చిన మాకు, ఇప్పుడు సభ్యులు దొరికేది మెట్ల దగ్గరనే. తెలుగు సభ్యుడొకరు హుస్సేన్‌సాగర్ దుర్ఘటన మీద ప్రశ్న వేయదలచినట్లు చెప్పి, "ఏ మంత్రికి వ్రాయవలెనంటారు?" అని నన్ను అడిగారు. మందుగుండు భద్రతా సంస్థ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వశాఖ క్రిందిది. పడవల చట్టం ఓడరేవుల మంత్రిది. 2017లో పడవల భద్రత మీద మార్గదర్శకాలు వెలువరించిన విపత్తు నిర్వహణ సంస్థ హోంశాఖ పరిధిలోనిది. సరస్సు, దాని మీది పోలీసులు రాష్ట్రానివి కాబట్టి అది అసలు కేంద్రం విషయం కాదని సచివాలయం త్రిప్పి పంపనూవచ్చును. ఈ మాటే చెప్పాను. ఆయన ముసాయిదా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నవి. రాజమహేంద్రవరంలో హారతులుంటవి, తెప్పలుంటవి, జనముంటారు; ఆకాశంలో వెలుగులు లేకుండా ఏ ప్రభుత్వమూ ఊరుకోదు. మొన్న ఆ సభ్యుడు అశోకా రోడ్డున మళ్లీ కనబడినప్పుడు కాగితం సంగతి అడిగాను. జేబు తడుముకున్నారు. చొక్కా మారినదట.