వీరుడి కాళ్ల దగ్గర కొమ్ముచెంబు

వీరగల్లు ముందు నిలబడితే ఎవరి కళ్లయినా మొదట కత్తి మీదికే పోతాయి. తర్వాత విల్లు, ఒంట్లో దిగబడ్డ బాణాలు, పక్కనే ఆలమంద, లేదంటే మీదికి దూకుతున్న పులి. కాళ్ల దగ్గరున్న పాత్రను ఎవరూ పట్టించుకోరు. ఈ కథనం దాని గురించే.

సూళగిరి, కృష్ణగిరి, ధర్మపురి, ఇంకాస్త తూర్పున చెంగం. ఇదంతా వీరగల్లుల సీమ. మందను తోలుకుపోయే దొంగలతో పోరాడి కూలినవాణ్ని, పులిని పొడిచి తానూ పోయినవాణ్ని ఊళ్లు రాళ్ల మీద నిలుపుకున్నాయి. చెంగం వైపు దొరికిన పల్లవుల కాలపు రాళ్లలో వీరుడి పాదాల పక్కన తరచూ ఒక కొమ్ముచెంబు, ఒక చిన్న భరిణె కనిపిస్తాయి. వాటి శాసనాలను ఆర్. నాగస్వామి 1972లో ‘చెంగం నడుగర్కళ్’ పేరుతో అచ్చు వేయించారు. రాజుల పేర్లు, పాలనా సంవత్సరాలు ఆ రాతల్లో ఉన్నాయి. చెంబు సంగతి మాత్రం రాతలో లేదు, బొమ్మలోనే ఉంది.

పోరులో చచ్చినవాడికి చెంబెందుకు?

జవాబు ఇక్కడి పాత తమిళ కవిత్వంలోనే ఉంది. నేటి ధర్మపురి ఒకప్పటి తకడూరు. 2004లో విడిపోయేదాకా కృష్ణగిరి కూడా ధర్మపురి జిల్లాలోదే. తకడూరును ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి చనిపోయినప్పుడు, అతని ఆస్థానంలో ఆదరణ పొందిన ఔవైయార్ పాడిన విలాపాలు ‘పురనానూరు’లో ఉన్నాయి. కల్లు కొంచెమే ఉంటే తాను మానుకుని మాకే పోసేవాడని ఆమె తలుచుకుంటుంది. ఎక్కువుంటే మేం పాడుతుంటే మాతో కలిసి తాగేవాడంటుంది. మరో పద్యంలో అతని రాతికి నెమలి ఈకలు కట్టారు, చిన్న గిన్నెతో కల్లు వంచుతున్నారు. కొండలతో సహా దేశాన్నే ఇస్తామన్నా చెయ్యి చాపని మనిషి, ఈ గిన్నెడు కల్లు పుచ్చుకుంటాడా అని ఆమె బాధ. రాజు పోయాడన్న దుఃఖం ఆమెకు సింహాసనం దగ్గర కాదు, గిన్నె దగ్గర ముంచుకొచ్చింది. వీరగల్లు ముందు కల్లు పోయడం, గొర్రెను బలివ్వడం ‘అకనానూరు’లోనూ ఉంది.

రాతి మీదికి ఎక్కకముందు ఆ పాత్ర మట్టిలో ఉండేది. సూళగిరి ప్రాంతపు మల్లచంద్రం గుట్ట మీద రాతిపలకలతో కట్టిన ప్రాచీన సమాధులు గుంపులుగా ఉన్నాయి. ఇలాంటి సమాధుల్లో చనిపోయినవారితోపాటు కుండలు, గిన్నెలు పెట్టడం దక్షిణాది ఇనుప యుగమంతటా ఉన్న ఆచారం. కృష్ణగిరి జిల్లాలోనే ఉన్న మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన ఇనుము కాలం క్రీస్తు పూర్వం 2172 అని 2022లో తమిళనాడు అసెంబ్లీలో ప్రకటించారు. అక్కడ నలుపు ఎరుపు మట్టిపాత్రలూ బయటపడ్డాయి. ఆ రెండు రంగులూ పూతతో వచ్చినవి కావు. ఆవంలో గిన్నెను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి వైపు, అంచు నల్లబడతాయి, గాలి తగిలిన బయటివైపు ఎర్రగా తేలుతుంది. చనిపోయినవాడికీ దాహం వేస్తుందన్న నమ్మకం ముందు కుండగా గోతిలోకి దిగింది, తర్వాత బొమ్మగా రాతి మీదికి వచ్చిందని నాకనిపిస్తుంది.

ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. స్పార్టా దగ్గరి క్రిసఫాలో దొరికి ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న క్రీస్తు పూర్వం 6వ శతాబ్దపు రాతి ఫలకం మీద చనిపోయిన దంపతులు దేవతల్లా ఆసనం మీద కూర్చుని ఉంటారు. ఆయన చేతిలో రెండు పెద్ద పిడుల మధుపాత్ర. వాళ్ల మోకాళ్ల ఎత్తు కూడా లేని భక్తులు కోడిని, గుడ్డును పట్టుకొస్తుంటారు. స్వీడన్‌లోని గాట్‌లండ్ ద్వీపంలో దొరికిన శెంగ్‌విదె రాతి మీద ఎనిమిది కాళ్ల గుర్రమెక్కి వచ్చిన వీరుడికి ఒక స్త్రీ కొమ్ముపాత్రతో ఎదురొస్తుంది. ఆమె పరలోకపు కన్య అని పండితులు చెబుతారు. మన వీరగల్లుల పై అంతస్తులో వీరుణ్ని స్వర్గానికి తీసుకెళ్లే అప్సరసలకు ఆమె దూరపు చుట్టం.

కృష్ణగిరి జిల్లాలో కొన్ని రాళ్ల మీద పాత్ర పట్టుకున్నది అప్సరస కాదు, వీరుడి భార్య. అతనితోపాటు చితి ఎక్కిన మనిషి. ఒక చేతిలో చిన్న కుండతో అతని పక్కన నిలబడి ఉంటుంది. ఆ కుండను చూశాక వీరగాథ ముందున్నంత అందంగా కనిపించదు. గాట్‌లండ్ కన్య ఊహలోంచి పుట్టింది. ఈమెకు పుట్టిల్లుంది, బహుశా పిల్లలున్నారు.

కొమ్ముచెంబుకు ఇంకో అర్థమూ చెప్పుకోవచ్చు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దపు భర్హుత్ శిల్పంలో అనాథపిండికుడు బుద్ధుడికి జేతవనాన్ని దానమిస్తూ చేత్తో చెంబు పట్టుకుని ధార పోయడానికి నిలబడి ఉంటాడు. కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో దాన్ని చూడొచ్చు. కన్యాదానంలో మనం పోసే ధారా అదే. తమిళసీమలో వీరుడి కుటుంబానికి ఉదిరపట్టి పేరుతో, అంటే అతను చిందించిన రక్తానికి బదులుగా, భూమినిచ్చేవారు. చెంబు ఆ దానానికి గుర్తు కూడా కావచ్చు. అయినా ఔవైయార్ పద్యం తెలిశాక నా మనసు కల్లు వైపే మొగ్గుతుంది.

ఇప్పుడు ఆపద కూడా ఆ చెంబుకే ముందొస్తుంది. అది రాతి అడుగున ఉంటుంది కాబట్టి, రాయి కుంగితే మొదట మట్టిలో కలిసేది అదే. వీరుడికి గుడి కడదామని భక్తితో అరుగు వేస్తే సిమెంటు కిందికి పోయేదీ అదే. మీ ఊళ్లో అలాంటి పని తలపెడితే, ముందు మట్టి తీసి రాతి అడుగు దాకా ఫొటో తీయించండి. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో చూపించి, అరుగును ఎంత ఎత్తులో వేయాలో అడిగాకే సిమెంటు కలపండి.