గుడ్డుపొయ్యికి ఇనుప కుదురు: 73 కిలోలు మోయడం కాదు, ఒరగకుండా నిలపడం

పెరట్లో పెట్టుకునే సెరామిక్ గ్రిల్‌కు బల్ల చేయించాలనగానే అందరూ అడిగేది ఒకటే: ఇంత బరువు ఆగుతుందా? సహజమైన ప్రశ్నే. బిగ్ గ్రీన్ ఎగ్ పేరుతో దొరికే గుడ్డు ఆకారపు పొయ్యిల్లో లార్జ్ సైజుది 162 పౌండ్లు, అంటే 73 కిలోలు. ఎక్స్‌ఎల్ 219 పౌండ్లు, 99 కిలోలు. అన్నిటికన్నా పెద్దది 375 పౌండ్లు, 170 కిలోలు. ఈ అంకెలకు బెదిరి దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మందపాటి పైపు కొనేసేవాళ్లు చాలామంది. డబ్బు అక్కడ ఖర్చయిపోయాక చక్రాల దగ్గర, రంగు దగ్గర సర్దుకుంటారు. అది తలకిందుల లెక్క. నిలువు బరువు ఉక్కుకు చాలా చిన్న పని. బల్లను పాడుచేసేవి పక్క నుంచి వచ్చే తోపు, పొయ్యి వేడి, వాన నీళ్లు.

ఈ పొయ్యికి మూలం జపాన్‌లో ఉంది. అన్నం వండుకునే మట్టి పొయ్యి ముషికమాడోను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకున్నారు. 1974లో ఎడ్ ఫిషర్ అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ సంస్థను మొదలుపెట్టాడు. తొలినాటి మట్టి పొయ్యిలు వేడికి పగులుతుండటంతో తర్వాత మేలైన సెరామిక్‌కు మారారు. మందపాటి గోడ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, పెద్ద మాంసం ముక్కను 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచి మగ్గించవచ్చు. గాలి ద్వారాలు బార్లా తెరిస్తే అదే పొయ్యి 400 డిగ్రీల దాకా వెళ్తుంది. అప్పుడు నాన్ కూడా చక్కగా కాలుతుంది. డాలస్, అట్లాంటా శివార్లలో పెరడున్న తెలుగు ఇళ్లకు ఈ పొయ్యి నచ్చడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఇప్పుడు బల్ల. లార్జ్ పొయ్యి తీసుకుందాం. 73 కిలోల పొయ్యికి బొగ్గులు, లోపలి రాతి పలక, ఇనుప జాలీ, మాంసం కలిపి 100 కిలోలు అనుకోండి. ఎవరో ఒకరు బల్ల మీద ఆనుకుంటారు, ఇంకొకరు బరువైన పాత్ర ధడేలున దించుతారు. వాటన్నిటికీ కలిపి లెక్కను రెట్టింపు చేసి 200 కిలోలు వేద్దాం. బల్ల కొలత 150 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 90 ఎత్తు. అమెరికా వంటింటి గట్టు ఎత్తు 36 అంగుళాలు, అంటే దాదాపు అంతే. నిలబడి వండేవాళ్ల నడుముకు అదే సుఖం.

పైపు ఒకటిన్నర అంగుళాల స్క్వేర్ ట్యూబ్, 38 మిల్లీమీటర్లు. గోడ మందం 14 గేజ్, అంటే 2.1 మిల్లీమీటర్లు. పొయ్యి కింద అడ్డంగా రెండు పైపులు, ఆసరాల మధ్య దూరం 70 సెంటీమీటర్లు. ఒక్కో పైపు నడిమధ్య 100 కిలోల బరువు పడితే దాంట్లో పుట్టే ఒత్తిడి సుమారు 51 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీల్ శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యేది 250 దగ్గర. అంటే ఐదో వంతు శక్తి మాత్రమే వాడుతున్నాం. పైపు కిందికి దిగేది అర మిల్లీమీటరు, కంటికి కనిపించదు. ఇక నిలువు కాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కో కాలు కొన్ని టన్నులకు గాని వంగదు. రెండంగుళాల పైపు, 3 మిల్లీమీటర్ల గోడ తీసుకుంటే బలం రెట్టింపుకు మించి పెరుగుతుంది, బరువూ దాదాపు రెట్టింపవుతుంది. ఎక్స్‌ఎల్‌కూ ఒకటిన్నర అంగుళాలదే సరిపోతుందని నా అభిప్రాయం. 170 కిలోల పెద్ద గుడ్డుకైతే రెండంగుళాలది వేయించండి, అక్కడ ఆదా చూడొద్దు.

పైపు మొత్తం 15 మీటర్లకు కాస్త పైగా పడుతుంది. మీటరుకు 2.4 కిలోల చొప్పున 37 కిలోలు. పైన 3 మిల్లీమీటర్ల రేకు, గుండ్రటి రంధ్రం పోగా 20 కిలోలు. పొయ్యి సామగ్రితో కలిపి మొత్తం 157 కిలోలు. ఇక్కణ్నుంచి మొదలవుతుంది అసలు లెక్క.

పొయ్యి అడుగు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, ఈ 157 కిలోల బరువు కేంద్రం నేలకు దాదాపు 78 సెంటీమీటర్ల ఎత్తులో పడుతుంది. వెడల్పు వైపు చక్రాల మధ్య దూరం 70 సెంటీమీటర్లు, కేంద్రం నుంచి అంచుకు 35 మాత్రమే. బల్ల 24 డిగ్రీలు ఒరిగితే ఇక తిరిగి రాదు. పై అంచు పట్టుకుని పక్కకు 61 కిలోల తోపు తోస్తే పడిపోతుంది. మూత తెరిస్తే ఆ అంచు ఇంకాస్త దగ్గరవుతుంది. మూత 25 కిలోలుండి, తెరిచినప్పుడు దాని బరువు 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే, మొత్తం కేంద్రం 5 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. 35 కాస్తా 30 అవుతుంది. మూత తీసి ఉండగా బల్లను కదిలించకూడదనడానికి కారణం ఇదే.

61 కిలోల తోపు ఎవరు తోస్తారు అనిపించవచ్చు. మనిషి తోయనక్కర్లేదు, నేలే ఆ పని చేస్తుంది. కదులుతున్న బల్ల చక్రం రెండు పలకరాళ్ల మధ్య లేచి ఉన్న 10 మిల్లీమీటర్ల అంచుకు తగిలిందనుకోండి. దాన్ని ఎక్కడానికి కావాల్సిన తోపు, ఆ చక్రం మోసే బరువులో 3 అంగుళాల చక్రానికి 93 శాతం, 4 అంగుళాలకు 75 శాతం, 5 అంగుళాలకు 65 శాతం, 6 అంగుళాలకు 58 శాతం. ఇందులో ఒక మెలిక ఉంది. బల్లను పై అంచు దగ్గర తోస్తే బరువంతా ముందు చక్రాల మీదికి వాలుతుంది, దాంతో అవి ఎక్కడం మరింత కష్టమవుతుంది. మన బల్లకు 4 అంగుళాల చక్రాలు పెట్టి వెడల్పు దిశలో పైనుంచి తోస్తే, లెక్క ప్రకారం చక్రం ఆ అంచు ఎక్కేలోపే బల్ల తిరగబడుతుంది. అదే తోపును నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున కింది చట్రానికి ఇస్తే 75 కిలోలకు చక్రం ఎక్కేస్తుంది. ఆ ఎత్తులో తోసి బల్లను పడేయాలంటే మాత్రం 275 కిలోలు కావాలి. ఒకే బల్ల, ఒకే నేల, చెయ్యి పెట్టే చోటు మారిందంతే.

కాబట్టి పొయ్యి చల్లారాకే, మూత మూసి, కింది చట్రం పట్టుకుని, పొడవు దిశలోనే కదపండి. చక్రాలు 5 అంగుళాలకు తక్కువ వద్దు. ఒక్కో చక్రం ఎంత బరువు మోయాలో లెక్కేసేటప్పుడు మొత్తాన్ని 4తో కాక 3తో భాగించండి, ఎందుకంటే ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. పొయ్యి మీద వేసిన 200 కిలోలకు బల్ల బరువు కలిపితే 257. ఒక్కో చక్రం వాటా 86 కిలోలు. 125 కిలోల సామర్థ్యం ఉన్నది కొంటే నిశ్చింత. నిజానికి బల్లను ఏడాదికి ఒకసారో రెండుసార్లో కదిపే ఇల్లయితే చక్రాలే వద్దంటాను. వాటి బదులు కాళ్ల అడుగున తిప్పితే ఎత్తు మారే బోల్టు పాదాలు బిగించండి. వాన నీరు పోవడానికి పెరటి గచ్చుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఇస్తారు, అంటే 2 శాతం. 150 సెంటీమీటర్ల బల్లకు ఆ చివర నుంచి ఈ చివరకు 3 సెంటీమీటర్ల తేడా. బోల్టు పాదాలకు కనీసం అంత సర్దుబాటు ఉండాలి. పాదాలు సర్దుతున్నప్పుడు రసమట్టం పెట్టాల్సింది పైరేకు మీద కాదు, పొయ్యి కూర్చునే కింది చట్రం మీద.

ఊగడం గురించి. బోల్టులతో బిగించిన చట్రంలో 40 మిల్లీమీటర్ల అతుకు దగ్గర 1 మిల్లీమీటరు సందు వదులైతే, 90 సెంటీమీటర్ల ఎత్తున అది 22 మిల్లీమీటర్ల ఊపు అవుతుంది. వెల్డింగ్ అయితే ఈ బాధ లేదు, కానీ వెల్డింగ్ వేడికి లోహం ముడుచుకుని చట్రాన్ని లాగేస్తుంది. అందుకే ముందు నాలుగు మూలల్లో చుక్కలుగా అతికించి, మూలమట్టం పెట్టి, రెండు కర్ణాలూ కొలవాలి. 150, 75 కొలతలకు కర్ణం 167.7 సెంటీమీటర్లు. రెండు కర్ణాల మధ్య 5 మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే పక్క పైపు 3 మిల్లీమీటర్లు ఒరిగినట్టే. పూర్తి అతుకు వేయకముందు దాన్ని సుత్తితో సరిచేయవచ్చు, వేశాక కోసి మళ్లీ చేయాల్సిందే. వెనక వైపు ఒక ఏటవాలు పైపు వేస్తే ఊపు దాదాపు పోతుంది.

గాల్వనైజ్డ్ పైపు తుప్పు పట్టదని అదే తెస్తుంటారు. వెల్డింగ్‌కు అది ప్రమాదం. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. వెల్డింగ్ మంట దానికన్నా ఎంతో వేడి. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. మామూలు పైపుతో చేసి, ఆ తర్వాత రంగు వేయించడమే క్షేమం. పౌడర్ కోటింగ్‌ను బట్టీలో 200 డిగ్రీల దగ్గర గట్టిపరుస్తారు కాబట్టి బల్ల కాళ్లకు, పక్కలకు అది హాయిగా నిలుస్తుంది. పొయ్యి కింది చట్రానికి, రంధ్రం అంచుకు మాత్రం ఎక్కువ వేడిని తట్టుకునే సిలికోన్ రంగు వేయించండి.

పైరేకులో రంధ్రం ఎంత ఉండాలి? పొయ్యి వెడల్పైన చోట కొలిచి చుట్టూ 2 సెంటీమీటర్లు వదలమంటాను. ఉక్కు వ్యాకోచానికి ఇంత అవసరమా అని అడగవచ్చు. అవసరం లేదు. మీటరు ఉక్కు ప్రతి డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 58 సెంటీమీటర్ల రంధ్రం 150 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది ఒక్క మిల్లీమీటరే. ఆ 2 సెంటీమీటర్ల ఖాళీ గాలి కోసం, సెరామిక్ గోడ ఉక్కు అంచుకు తగలకుండా ఉండటం కోసం. సెరామిక్ వేడికి ఓర్చుకుంటుంది, దెబ్బకు ఓర్చుకోదు. పొయ్యి అడుగునా అంతే, సెరామిక్ పాదాలు పెట్టి చట్రానికి పైన 4 సెంటీమీటర్ల గాలి సందు ఉంచాలి. ఇనుప బల్లే కదా, కాలదులే అని దీన్ని వదిలేయకండి. చెక్కలా అంటుకోకపోయినా ఉక్కు వేడిని దూరం మోసుకుపోతుంది, రంగు ముందుగా అక్కడే లేస్తుంది.

పనిచేసుకునే పైభాగానికి స్టెయిన్‌లెస్ మేలు. వేడిని మోయడంలో అది మామూలు ఉక్కులో మూడో వంతే. అయినా టెక్సస్ వేసవి ఎండలో ఏ లోహమైనా పట్టుకోలేనంత కాలుతుంది. 60 డిగ్రీల లోహాన్ని 5 సెకన్లు తాకితే చర్మం బొబ్బలెక్కుతుంది. పిల్లల చెయ్యి అందే వైపు గ్రానైట్ పలకో, చెక్కో బిగించడం ఖర్చు కాదు, జాగ్రత్త.

నీళ్ల విషయంలో పైపు బయటి తుప్పు కనిపిస్తుంది, గీకి రంగేస్తాం. లోపలిది కనిపించదు. తెరిచి ఉన్న పైపు చివరలన్నీ రేకు ముక్కతో మూసి చుట్టూ వెల్డింగ్ చేయించండి. పూర్తిగా మూయడం కుదరని కాలికి అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయిస్తే లోపలికి చేరిన తేమ బయటికి పోతుంది. పైరేకుకు కింద నుంచి వేసే అతుకు ముక్కలు ముక్కలుగా ఉంటే ఆ సందుల్లో నీరు నిలుస్తుంది. అక్కడ సీలెంట్ పూయాలి.

చివరి పని, పొయ్యిని అందులో దించడం. 73 కిలోలను 90 సెంటీమీటర్ల ఎత్తుకు లేపి రంధ్రంలోంచి దించడం ఇద్దరికీ ప్రమాదమే. జాలీ, లోపలి రాతి గిన్నె, వలయం ముందు బయటికి తీయండి. తర్వాత మూతను కట్టు నుంచి విప్పి పక్కన దుప్పటి మీద పెట్టండి. మిగిలిన కింది భాగాన్ని అంచు పట్టుకుని ఇద్దరు ఎత్తి, మూడో మనిషి పాదాలు సరిచూస్తుండగా దించాలి. గాలి ద్వారం తలుపు ముందుకు వచ్చిందో లేదో అప్పుడే చూసుకోండి, బొగ్గు నింపాక తిప్పడం కుదరదు. మూత తిరిగి బిగించాక, దాన్ని పూర్తిగా తెరిచి, బల్ల ముందు కాళ్లు నేలను వదలడం లేదని చూసుకుని, ఆ తర్వాతే నిప్పు వేయండి.