ఊపిరి వేగాన్ని కొలిచే గొట్టం

ఉబ్బసం ఉన్న మనిషిని డాక్టరు చూసే వేళకు ఉబ్బసం కనిపించకపోవడం మామూలే. తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని, దిండు ఒళ్లో పెట్టుకుని రొప్పినవారే పదకొండు గంటలకు ఆస్పత్రి బెంచీ మీద హాయిగా మాట్లాడుతుంటారు. స్టెతస్కోపులో పిల్లికూతలు వినిపించవు. ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ‘ఏదో అలర్జీ’ అని మందులు రాసి పంపేస్తారు. ఇలా వచ్చి పోయే జబ్బును పట్టుకోవడానికే ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పుట్టింది. దాని పేరు పీక్ ఫ్లో మీటర్. బీపీ మిషనుకూ షుగర్ మిషనుకూ మన ఇళ్లలో దొరికిన చోటు దీనికి దొరకలేదన్నదే నా బాధ.

ఉబ్బసంలో ముఖ్యమైన చిక్కు గాలి పీల్చడంలో కాదు, వదలడంలో. పుట్టుకతో వచ్చిన గుణం వల్లనో, అలర్జీ స్వభావం వల్లనో శ్వాసనాళాల లోపొర వాచి, చిటికెలో రేగిపోయేలా ఉంటుంది. ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు, పుప్పొడి, పొగ, జలుబు, చల్లగాలి, వీటిలో ఏది తగిలినా నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల కళ్లె చేరుతుంది. నాళం వ్యాసం సగానికి తగ్గితే, నెమ్మదిగా సాగే గాలికి ఎదురయ్యే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు. పైగా ఊపిరి బలంగా వదిలేటప్పుడు ఛాతీలోని ఒత్తిడి ఆ నాళాలను ఇంకా నొక్కుతుంది. అందుకే కూత ముందుగా ఊపిరి వదిలేటప్పుడే వినిపిస్తుంది. కొలవాల్సింది ఎంత గాలి బయటికొచ్చిందన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా వచ్చిందన్నది కూడా. ఈ సంగతి వైద్యుల చేతికి అందడానికి నూరేళ్లు పట్టింది.

1846లో లండన్‌లో జాన్ హచిన్‌సన్ అనే వైద్యుడు తన స్పైరోమీటర్ వివరాలు ప్రకటించాడు. చూడ్డానికి అది నీళ్ల తొట్టిలో బోర్లించిన పొడవాటి బిందెలా ఉంటుంది. గొట్టంలో ఊదితే గాలి కిందికి చేరి పాత్రను పైకి లేపుతుంది. ఎంత లేచిందో పక్కనున్న కొలబద్ద చెబుతుంది. నావికులు, పోలీసులు, మంటలార్పేవాళ్లు, కుస్తీవీరులు, నిరుపేదలు, ఇలా రెండు వేలమందికి పైగా మనుషుల చేత ఆయన ఊదించాడు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే గాలి ఎనిమిది ఘనపుటంగుళాలు పెరుగుతుందని తేల్చాడు. ఇవాళ మీటరుతో పాటు వచ్చే పట్టికలో మన ఎత్తు వెతుక్కోవడం వెనక ఆ ఓపికే ఉంది. 1852లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు, 1861లో ఫిజీలో చనిపోయాడు. ఆ యంత్రం చెప్పింది గాలి పరిమాణం మాత్రమే. ఉబ్బసం రోగి నిదానంగా, చాలాసేపు ఊదితే అందులోనూ అంకె ఫరవాలేదనిపించవచ్చు.

కాలాన్ని లెక్కలోకి తెచ్చింది ఫ్రాన్స్‌లో టిఫెనో, పినెల్లి, 1947లో. మొదటి సెకనులో ఎంత గాలి బయటపడిందో చూడాలన్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మొత్తం గాలిలో ముప్పావు వంతు దాకానో, అంతకు మించో ఆ ఒక్క సెకనులోనే వచ్చేస్తుంది. ఇప్పుడు స్పైరోమెట్రీలో నాళాలు విప్పే మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో ఆ మొదటి సెకను గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు, రెండూ పెరిగితే ఉబ్బసానికి గట్టి ఆధారం. కానీ ఆ యంత్రం ఆస్పత్రిలో ఉంటుంది, జబ్బు ఇంట్లో రేగుతుంది.

ఇక్కడే మార్టిన్ రైట్ వస్తాడు. వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బులను పరిశోధించే కేంద్రంలో పనిచేసిన డాక్టరు, యంత్రాలు తయారుచేయడంలో దిట్ట. మెకరో అనే తోటి పరిశోధకుడితో కలిసి 1959లో ఆయన ప్రకటించిన మీటరులో గుండ్రటి డబ్బా, లోపల స్ప్రింగుకు కట్టిన రెక్క ఉంటాయి. ఊదితే రెక్క తిరుగుతుంది, తిరిగినకొద్దీ గాలి తప్పించుకునే సందు పెద్దదవుతుంది. ఎక్కడ ఆగిందో ముల్లు చూపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. 1970లలో ఆయనే దాన్ని కుదించి ప్లాస్టిక్ గొట్టంగా మార్చాడు. రెక్క బదులు బిళ్ల, గొట్టం పొడవునా సన్నటి చీలిక. ఈ గొట్టంతోనే కొలత ఆస్పత్రి గడప దాటింది. నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఇదే.

ఊదడంలో కిటుకు ఉంది. ముల్లును సున్నాకు తెచ్చి, నిలబడి, నిండా ఊపిరి పీల్చి, పెదవులు గట్టిగా బిగించి ఒక్క ఉదుటున వదలాలి. వేలు చీలికకు అడ్డం రాకూడదు. ఉమ్మినట్టు నాలుకతో తోస్తే అంకె దొంగగా పెరుగుతుంది. మూడుసార్లు ఊది, అన్నిటికన్నా పెద్దది రాసుకోవాలి. ఉదయం 280, సాయంత్రం 400 వచ్చిందనుకోండి. తేడా 120, సగటు 340, అంటే 35 శాతం. రెండు వారాల పాటు రోజువారీ తేడాల సగటు పెద్దవాళ్లలో 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటితే ఉబ్బసాన్ని అనుమానించాల్సిందే. బేకరీలో పిండి, కార్ల షెడ్డులో స్ప్రే పెయింట్ కారణమైతే పని రోజుల్లో ఈ అంకెల గీత దిగి, సెలవుల్లో లేస్తుంది. కారణమే కాగితం మీదికొస్తుంది.

ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరతారు. వాళ్ల బాధ నిజం, ఆశా నిజం. వెళ్లేవాళ్లను నేను కోరేదొకటే. ఇన్‌హేలర్ మానకుండా, ముందు రెండు వారాలు, తరవాత కొన్ని వారాలు ఈ అంకెలు రాయండి.

మీటరుకు లోపాలు లేకపోలేదు. రైట్ వేసిన స్కేలు మధ్య భాగంలో ఎక్కువ చూపిస్తోందని తేలి, బ్రిటన్‌లో 2004లో మార్చారు. కాబట్టి ఒకే మీటరు వాడాలి. అయిదేళ్లలోపు పిల్లలు సరిగా ఊదలేరు. అంకె మీ అత్యుత్తమ కొలతలో సగానికి దిగితే వెంటనే ఉపశమన మందు పీల్చి ఆస్పత్రికి బయల్దేరాలి. ఆయాసం ముదిరి మాట రాని స్థితిలో పిల్లికూతలు ఆగిపోతే తగ్గిందని సంబరపడొద్దు, కూత పుట్టించేంత గాలి కూడా ఆడటం లేదని అర్థం. అప్పుడు మీటరు కోసం వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి.